ముందు కన్ను పడిన చోటు

మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక మా బిల్డింగు పిల్లలు అయిదుగురు నా దగ్గర కూర్చుని ఖురాన్ చదువుతారు. ఆ వేళలో నేను ఫోన్ తీయను. ఆ రోజు అది మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు ఒక పిల్ల, చదువుతున్న వరస మీద వేలు అలాగే ఉంచి, "ఆంటీ, ఎవరో ఆగలేకపోతున్నారు" అంది.

తీశాను. అబుదాబి దగ్గర ముసఫాలో మా తమ్ముడితో ఒకే గదిలో ఉండే నంద్యాల మనిషి. "అక్కా" అన్నాడు. వెనక మిషన్ల చప్పుడు. "అన్న ల్యాడక్కా. పొద్దన బాగనే ఉన్న్యాడు. మిషన్ కాడ కూసున్నోడు కూసున్నట్టే..."

ఇన్నాలిల్లాహి అనుకున్నాను. ఫోన్ పెట్టేసి, పిల్లల చేత ఆ పేజీ చివరిదాకా చదివించాను. ఎందుకు చదివించానో ఇప్పటికీ తెలియదు. సగంలో లేపితే భయపడతారనుకున్నానేమో.

ఇది జరిగి నలభై రోజులు దాటింది. రంజాన్ దగ్గరపడుతోంది. నా వయసుకి అయినవాళ్ల చావులు కొన్ని చూశాను. ప్రతిసారీ నమాజు చాప పరుచుకుని నిలబడితే లోపల ఏదో సర్దుకునేది. ఈసారి సర్దుకోవడం లేదు. నేను నిలబడతాను. మనసు మాత్రం గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది.

షార్జాలో మన తెలుగువాళ్లు వేసే ఈ చిన్న పత్రికకి మొదటి మూడు సంచికల అట్టలు తమ్ముడే వేసి ఇచ్చాడు. అందుకని నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. "మా పెద్దక్క మాటలు ఫ్రిజ్‌లో పెట్టుకుంటాది, చెడిపోతాయని" అనేవాడు తమ్ముడు. అలా పెట్టుకున్న వాటిలో ఒకటి నాలుగేళ్లుగా బయటికి రాలేదు. దాన్ని ఇక్కడ పెట్టడానికే రాస్తానని ఒప్పుకున్నాను.

మేం నెల్లూరువాళ్లం. అయిదుగురిలో నేను పెద్దదాన్ని, తను ఆఖరివాడు. మా అమ్మ పోయేనాటికి తనకి ఆరేళ్లు. అప్పటినుంచి తలకి నూనె రాసిందీ, బడికి పంపిందీ నేనే. బడి కంటే సినిమా హాలు ముందు పెద్ద బోర్డులకి రంగులు వేసేవాళ్ల దగ్గరే ఎక్కువ ఉండేవాడు. ఆ పని పోయే రోజులు వచ్చాక కంప్యూటర్ నేర్చుకుని, 2002లో మా దగ్గరికి వచ్చాడు. మా ఆయన అప్పటికే ఇక్కడ ఒక గోదాములో స్టోర్ కీపర్. షార్జాలోని రోలా పేటలో రెండు గదుల ఫ్లాటు. ముందు గదిలో కర్టెన్ కట్టి, దాని వెనక తమ్ముడికి ఒక మంచం వేశాం.

ఉద్యోగం ఒక వారపత్రికలో. హిందీ సినిమాలూ పాటల గురించి ఇంగ్లీషులో వచ్చే పత్రిక. దాని అట్ట తయారు చేయడం తమ్ముడి పని. లోపల ఎవరేం రాశారో తనకి అక్కర్లేదు. ఒక ముఖం, పైన పేరు, పక్కన నాలుగు మాటలు. ఆ కాస్త జాగా కోసం వారమంతా కుదురుగా కూర్చునేవాడు కాదు. అన్నం తింటూ లేచి వెళ్లి కంచం అంచుతో కాగితం మీద కొలత చూసుకునేవాడు. పళ్లు తోముకుంటూ అద్దంలో తన ముఖాన్నే అటూ ఇటూ తిప్పుకునేవాడు.

"ఏందిరా అబ్బయ్యా, పెళ్లిచూపులా?" అనేవారు మా ఆయన.

"ఎడమ చెంప కుడి చెంప ఒకటి కాదు బావా. దేవుడు రెండూ వేరేగా చేసినాడు. మీరే చూసుకోవటంలా."

మంగళవారం సాయంత్రం ప్రూఫ్ ఇంటికి తెచ్చేవాడు. అంటే అచ్చుకి పోయే ముందు సరిచూసుకునే కాగితం. తేగానే నన్ను పిలిచేవాడు.

"పెద్దక్కా, ఇట్టా రా. చెయ్యి తుడుచుకో. కళ్లు మూసుకో."

"అన్నం పొయ్యి మీదుందిరా."

"అన్నం ఎక్కడికీ పోదు. ఆఁ, ఇప్పుడు తెరువు. ముందు కన్ను ఎక్కడ పడిందో అక్కడ వేలు పెట్టు. ఆలోచించమాక. ఆ వంకర వేలు కాదు, చూపుడు వేలు."

నా కుడిచేతి చిటికెన వేలు చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకరపోయింది. దాన్ని వెక్కిరించకుండా ఒక్క మంగళవారమూ గడిచేది కాదు. నేను చూపుడు వేలు పెట్టేదాన్ని. తమ్ముడు చెవి మీది పెన్సిల్ తీసి, నా వేలి కొన చుట్టూ గీత గీసేవాడు. వేలు తీశాక కాగితం మీద చిన్న సున్నా మిగిలేది. అది తను అనుకున్న చోటే పడితే ఆ రాత్రి కడుపునిండా తినేవాడు. ఇంకెక్కడో పడితే కంచం పక్కకి నెట్టేసేవాడు.

నేను సినిమాలు చూడను. ఆ ముఖాలు ఎవరివో నాకు తెలియదు. అదే తనకి కావలసింది. "తెలిసినోళ్లు మనిషిని చూస్తారు, నువ్వు బొమ్మని చూస్తావు" అనేవాడు. ఒకసారి నా వేలు ఒక హీరో మెడ కింద పడింది.

"అక్కడేముంది?"

"గుండీ ఊడింది."

"ఊడలేదు పెద్దక్కా, వాడే ఊడదీసుకున్నాడు. అది ఫ్యాషను."

"జలుబు చేస్తాది."

తల పట్టుకున్నాడు. ఆ వారం పత్రిక వచ్చినప్పుడు చూస్తే గుండీ పెట్టి ఉంది.

గుండీలే కాదు, ఎంతమంది హీరోయిన్లకి చేతులు కుట్టాడో లెక్కలేదు. ఇక్కడ అట్ట మీద భుజాలు కనపడకూడదు. బొంబాయి నుంచి వచ్చిన ఫోటోలో రవికెకి చేతులు ఉండవు. తమ్ముడు కంప్యూటర్‌లో అదే రంగు గుడ్డ సాగదీసి మోచేతి దాకా చేతులు పెట్టేవాడు. మడతలు కూడా వేసేవాడు. "ఆఫీసులో నన్ను ఆర్టిస్టు అంటారు పెద్దక్కా. నేను దర్జీని" అని నవ్వేవాడు.

ఆ ప్రూఫులన్నీ తన మంచం పక్క గోడ మీద తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీసేవాడు. ఆ గోడ కిబ్లా వైపుది, అంటే మక్కా దిక్కుది. నమాజు చేసేవాళ్లకి ఎదురుగా ముఖాలు ఉండకూడదు. నేను ఒక్కసారే చెప్పాను. మర్నాటి నుంచి పనికి పోయే ముందు అన్నిటినీ వెనక్కి తిప్పి పోయేవాడు. సాయంత్రం వచ్చి మళ్లీ ముందుకి తిప్పుకునేవాడు. రెండేళ్లకి పైగా నేను నమాజుకి నిలబడిన ప్రతిసారీ ఎదురుగా తెల్లకాగితాల వరసే కనపడింది. ఏసీ గాలికి కొద్దిగా ఊగుతుండేవి.

తను చెప్పిన సూత్రాలు కొన్ని నాకు కంఠతా వచ్చు. నేర్చుకోవాలని నేర్చుకున్నవి కావు. పప్పు తాలింపు పెడుతుంటే వెనక నిలబడి చెప్పేవాడు.

"పత్రిక పేరు మనిషి తల వెనక్కి పోవాలి. జుట్టు కింద ఒక అక్షరం దాగినా జనం చదువుకోవాలి. కొత్త పత్రిక అట్టా చెయ్యకూడదు, దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. తన పేరు తను దాచుకోడానికి కూడా అర్హత ఉండాలి."

"సినిమా వాళ్ల కళ్లు తెరుచుకొని ఉండాలి, నిన్నే చూస్తన్నట్టు. పాడేవాళ్ల కళ్లు మూసుకొని ఉండాలి. కళ్లు మూసుకున్నోడిని చూస్తే, వాడికేదో వినపడతా ఉందని మనకి తెలుస్తాది."

బకాలాకి, అంటే మన వీధి కిరాణా కొట్టుకి, పాలకో రొట్టెకో నాతో వచ్చేవాడు. తను మాత్రం పత్రికల స్టాండు ముందు నిలబడేవాడు. పత్రికలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ప్రతిదానిలోనూ ఎడమ అంచు మాత్రమే పైకి కనపడుతుంది. "నాలుగు వేళ్ల వెడల్పు పెద్దక్కా. దారిన పోయేవాణ్ణి ఆ నాలుగు వేళ్లలోనే పిలవాలి" అంటూ తన పత్రికని ముందుకి లాగి పెట్టేవాడు. కొట్టు నడిపే మలయాళీ పెద్దాయన వచ్చి మళ్లీ వెనక్కి నెట్టేవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకునేవాళ్లు కాదు.

2004లో వాళ్ల ముదీర్, అంటే పత్రిక మేనేజరు, అరబీలో కూడా ఒక ఎడిషన్ మొదలుపెట్టాడు. హిందీ సినిమాలంటే అరబ్బులకీ ఇష్టమే. తమ్ముడికి ఒక్కసారిగా లోకం తిరగబడింది. అరబీ పుస్తకానికి కుట్టు కుడివైపు ఉంటుంది. మనకి ఆఖరి అట్ట అయ్యేది వాళ్లకి మొదటి అట్ట. కొట్టులో పైకి కనపడే నాలుగు వేళ్లూ ఇప్పుడు కుడి అంచు. అన్నిటికంటే చిక్కు ముఖంతో వచ్చింది. అట్ట మీద మనిషి పుస్తకం తెరుచుకునే వైపు చూడాలన్నది తమ్ముడి పట్టుదల. "లోపలికి రండి అని ముఖం చెప్పాలి. కుట్టు వైపు చూస్తే గోడకేసి తిరిగి కూర్చున్నట్టు ఉంటాది" అనేవాడు.

ఫోటో ఒకటే. ఇంగ్లీషుకి కుడివైపు చూడాలి, అరబీకి ఎడమవైపు. అందుకని అరబీ అట్టకి ఆ ఫోటోనే అద్దంలో పెట్టినట్టు తిప్పేవాడు. కంప్యూటర్‌లో ఒక్క మీట.

తిప్పితే ముఖం ఒక్కటే తిరగదు కదా. మొదటి అరబీ ప్రూఫ్ తెచ్చినప్పుడు నా వేలు హీరోయిన్ భుజం మీద పడింది.

"ఏందక్కా?"

"పమిట కుడి భుజం మీదికి పోయింది."

అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాతి వారం వాచీ కుడి మణికట్టు మీదికి వెళ్లడం చెప్పాను. ఇంకో వారం పుట్టుమచ్చ. ఆ ముఖం ముందెప్పుడో గోడ మీద చూసిన గుర్తు.

"నీ కన్ను రెండు వైపుల నుంచీ నడుస్తాది పెద్దక్కా. పొద్దన ఖురాన్ కుడి నుంచి చదువుతావు, మధ్యాహ్నం తెలుగు పేపరు ఎడమ నుంచి. మా ఆఫీసులో ఈ కన్ను ఎవరికీ లేదు" అన్నాడు. ఆ మాట ఆఫీసులో కూడా చెప్పాడట. "పెద్దక్క చూసిందా?" అని అక్కడ వాళ్లు అడగడం మొదలుపెట్టారట. అట్ట మీద ముదీర్ సంతకం కన్నా ముందు నా సున్నా ఉండాలి. అదీ వాళ్ల జోకు.

ఆ సంవత్సరం రంజాన్ వచ్చింది. ఒక్కపొద్దు ఉన్నన్నాళ్లు బొమ్మలు చూడనని నేను అనుకున్నాను. కంటికి కూడా ఒక్కపొద్దు ఉండాలని మా అమ్మ చెప్పేది. తమ్ముడికి ఆ సంగతి తెలుసు. మొదటి వారం, రెండో వారం నన్ను పిలవలేదు.

మూడో మంగళవారం సాయంత్రపు అసర్ నమాజుకి ముందు ఇంటికి వచ్చాడు. అప్పుడు రాడు ఎప్పుడూ. కింద ప్రెస్సు వ్యాను హారన్ కొడుతోంది. కర్టెన్ పక్కన నిలబడ్డాడు. చేతిలో రెండు ప్రూఫులు, నాకు తెల్లటి వెనకవైపు కనపడేట్టు పట్టుకున్నాడు.

"పెద్దక్కా, ఈ ఒక్కటి చూడు. ఇది సినిమా కాదులే. రంజాన్ స్పెషలు. హీరో ఇఫ్తార్ చేస్తన్నాడు, ఖర్జూరం నోటి దగ్గర పెట్టుకొని అజాన్ కోసం చూస్తన్నాడు."

"బొమ్మే కదరా."

"బొమ్మే. అరబీదాంట్లో ఏందో తేడాగా ఉంది. పొద్దన్నుంచీ చూస్తన్నా, నాకు కనపడటంలా. ఒక్కసారి వేలు పెట్టు చాలు."

"పండగయ్యాక తీసుకురా, చూస్తాను."

"పండగయ్యాక దీంట్లో శనగలు కట్టుకోవాల."

నేను నవ్వలేదు. మళ్లీ హారన్. తమ్ముడు ఇంకొంచెంసేపు నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. వెళ్లిపోయాడు.

ఇది చదివేవాళ్లు నేను నమాజులో ఉన్నాననుకోవచ్చు. లేను. తస్బీ చేతిలో ఉంది, వేళ్లు పూసల మీద కదులుతున్నాయి, అంతే. తల ఎత్తితే సరిపోయేది.

రెండు రోజుల తర్వాత, ఒక్కపొద్దు విడిచే మగ్రిబ్ వేళకి ఇంకా గంట ఉందనగా, నిమ్మకాయలకి బకాలాకి వెళ్లాను. స్టాండులో అరబీ పత్రిక అంచు కనపడింది. ఒక చెవి, చెవి పక్కన ఆకుపచ్చ అక్షరాలు. అక్షరాలని చెవి దగ్గర అలా ఆపడం తమ్ముడి పద్ధతి. చూడననుకున్నదాన్ని, చెయ్యి దానంతటదే వెళ్లి బయటికి లాగింది.

నా కన్ను ఎక్కడ పడిందో ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఒక్కపొద్దు విడుస్తున్న ఆ మనిషి ఖర్జూరాన్ని ఎడమచేత్తో నోటికి తెచ్చుకుంటున్నాడు.

ఎడమచేత్తో తినకూడదని మన ఇళ్లలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. అదీ రంజాన్‌లో, అదీ అరబీ చదివేవాళ్ల చేతికి. పక్కనే ఇంగ్లీషుది ఉంది. దాంట్లో అదే ఫోటో, కుడిచెయ్యి. ఆఫీసులో అందరూ ముందు ఇంగ్లీషుది చూసి ఉంటారు. అచ్చుతప్పులు చూసేవాళ్లు అక్షరాలు చూసి ఉంటారు. తేడాగా ఉందన్నది తమ్ముడొక్కడే. ఆ తేడా చూపించాల్సిన వేలు నాది.

అప్పుడు నేను చేసిన పని చెబితే నవ్వొస్తుంది. ఆ కొట్టులో ఉన్న అరబీ కాపీలన్నీ తీసి కౌంటర్ మీద పెట్టాను. మలయాళీ పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"క్యా దీదీ, రంజాన్ మే సినిమా కా కితాబ్?"

డబ్బులు కట్టాను. పక్క వీధి కొట్టుకి వెళ్లాను. అక్కడ రెండు. బస్టాండు వైపు ఉన్న కొట్టులో నాలుగు. బురఖా వేసుకున్న పెద్దావిడ, ఇఫ్తార్ వేళ, సంచీ నిండా సినిమా పత్రికలతో రోలా అంతా తిరుగుతోంది. తెలిసినావిడ ఒకరు ఎదురై సలాం చెప్పబోయి, సంచీలోకి చూసి ఆగిపోయింది. చౌరస్తా అవతల ఇంకో కొట్టు, దాని పక్కన ఇంకోటి. అద్దాల వెనక అదే చెవి, అదే ఆకుపచ్చ అక్షరాలు. అజాన్ వినపడేసరికి నేను రోడ్డు మధ్యన ఉన్నాను. నిమ్మకాయలు మర్చిపోయాను.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు ఉన్నాడు. నీళ్లు తాగి ఒక్కపొద్దు విడిచి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దుటినుంచీ ఫోన్లేనట. కొన్ని కొట్లవాళ్లు కట్టలకి కట్టలు తిప్పి పంపేశారట. నా సంచీ చూసి, ఒక కాపీ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టాడు.

"వేలల్లో వేసినారు పెద్దక్కా. నువ్వు దుబాయ్ దాకా నడిచినా అయిపోవు" అన్నాడు. నవ్వాడు కూడా.

నేను అప్పుడు అనాల్సిన మాట ఒకటి ఉంది. నువ్వు అడిగావు, నేను చూడలేదు, తప్పు నాది. అంతే. మా ఆయన ఖర్జూరాల పళ్లెం నా చేతిలో పెట్టారు. నేను దాన్ని తమ్ముడి ముందు పెట్టాను. తను కుడిచేత్తో ఒకటి తీసుకున్నాడు. ఆ మాట లోపలే ఉండిపోయింది.

ముదీర్ చెడ్డవాడు కాదు. తీసేయలేదు. "ఖలాస్, నువ్వు ఇంక కవర్ వద్దు" అన్నాడట. రాశిఫలాలు, పదాల పజిలు ఉండే లోపలి పేజీలకి మార్చాడు. తమ్ముడు ఆ వారమే గోడ మీది ప్రూఫులన్నీ విప్పి చుట్టచుట్టాడు. తాడూ క్లిప్పులూ అలాగే ఉన్నాయి. "ఇంక తిప్పే పని లేదు పెద్దక్కా, నీకు హాయి" అన్నాడు. ఎదురుగా ఖాళీ గోడ. నమాజులో అంత ఇబ్బందిగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

మరుసటి ఏడు వీసా మార్చుకుని ముసఫా వెళ్లిపోయాడు. అక్కడి ఐకాడ్ పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు అచ్చువేసే ఫ్యాక్టరీ. పత్రిక ప్రెస్సులో తనతో పనిచేసిన నంద్యాల మనిషి కూడా వెంట వెళ్లాడు. బిస్కట్ల పెట్టెలు, టమాటా పేస్టు పెట్టెలు. "పెట్టెకి ఆరు ముఖాలు పెద్దక్కా. ఏవైపు చూడాలన్న బాధ లేదు" అన్నాడు ఒకసారి.

శుక్రవారాలు వచ్చేవాడు. జుమ్మా అయ్యాక భోంచేసి, అసర్ దాకా ఉండి పోయేవాడు. చెవి మీద పెన్సిల్ ఎప్పటిలాగే ఉండేది. కూర్చున్న చోట కూర్చునేవాడు కాదు. కిటికీ దగ్గరికి వెళ్లేవాడు, ఉప్పు డబ్బా తీసి దాని మీది బొమ్మ చూసేవాడు, పెట్టేసేవాడు. తను వచ్చే వేళకి నేను చెయ్యి తుడుచుకుని కూర్చునేదాన్ని. "ఇట్టా రా పెద్దక్కా, కళ్లు మూసుకో" అంటాడేమోనని. మూడేళ్లలో ఎన్ని శుక్రవారాలు ఉంటాయో మీరు చూసుకోండి. ఒక్కసారీ అనలేదు. కోపంతో కాదు. అది మాత్రం నాకు తెలుసు. నన్ను మళ్లీ ఆ చోట నిలబెట్టడం ఇష్టంలేక అడగలేదు.

నిరుడు ఒక శుక్రవారం ఇద్దరం పాత బకాలాకే వెళ్లాం. స్టాండులోంచి ఒక అరబీ పత్రిక లాగి, "చూడు పెద్దక్కా, కుట్టు వైపుకి..." అని మొదలుపెట్టాడు. నా ముఖం చూశాడు. ఆపి, పత్రికని దాని చోట పెట్టేశాడు. మలయాళీ పెద్దాయన దాన్ని అలవాటు కొద్దీ వెనక్కి నెట్టాడు. అప్పుడైనా నేను ఆ మాట అనాల్సింది. పాలు తీసుకుని బయటికి వచ్చాం.

ఖననానికి ముందు చివరిసారి ముఖం చూపించినప్పుడు కళ్లు మూసుకుని ఉన్నాడు, పాటల సంచిక అట్ట మీద మనిషిలా. ఏదో వినపడుతోందన్నట్టే ఉంది. ఆ మట్టిని ఇక్కడి మట్టిలోనే ఉంచాం.

పదిరోజులకి నంద్యాల మనిషి తమ్ముడి సామాను తెచ్చాడు. ఒక బ్యాగు. టీ ఇచ్చాను. తాగుతూ, నన్ను ఓదార్చాలనే అన్నాడు:

"అన్న ఎప్పుడూ నీ మాటే జెప్తాండెనక్కా. ఆ రంజాన్ అట్ట గొడవప్పుడు ఆఫీసులో అందరూ ఎగతాళి జేసినారు. మీ అక్కది రెండువైపులా నడిచే కన్ను గదా, ఎడమచెయ్యి గూడ కనపళ్లేదా అని. అన్న ఏమన్న్యాడు తెల్సునా? మా అక్క జూసింది, జెప్పింది, తొందర్లో నేనే ఇన్లేదు అన్న్యాడు. ముదీర్ కాడ గూడ అదే జెప్పినాడు. చెప్పినా ఇనలేదనే కవరు పని తీసేసిరి. నీ మాట ఇనింటే బాగుండు గదక్కా అన్నకి."

నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు కూడా నోరు రాలేదు. అతను గ్లాసు కింద పెట్టి, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ ప్రెస్సులో తమ్ముడితో పనిచేసిన తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఈ పత్రిక చదువుతారు. నేను చెప్పలేదు. నేను చూడనే లేదు. తను వచ్చి అడిగాడు, తేడాగా ఉందన్నాడు, నేను తల ఎత్తలేదు. వినకపోవడం ఆ రోజు నా వంతు. నా పేరు కాపాడటానికి తమ్ముడు అబద్ధం చెప్పి, ప్రాణంగా చూసుకున్న పని పోగొట్టుకున్నాడు. ఆ అబద్ధాన్ని అల్లా మన్నించాలని అయిదు పూటలా దువా చేస్తున్నాను. నా తప్పుని కూడా.

బ్యాగులో నాలుగు చొక్కాలు, కళ్లజోడు, చివర కొరికిన పెన్సిల్ ఉన్నాయి. అడుగున, పత్రిక కొలతకి కోసిన పెట్టె అట్ట ముక్క. తెల్లటి వైపు పైకి ఉంది. తిప్పాను.

అరబీ పత్రిక అట్ట అది. కుట్టుకి కుడివైపున జాగా వదిలాడు. పైన ఆకుపచ్చ రంగుతో పత్రిక పేరు, కింద రంజాన్ శుభాకాంక్షలు. అంతా చేత్తో వేసిందే. ముఖం లేదు. సినిమా పత్రిక అట్ట మీద ముఖం లేకపోవడం తను చెప్పిన ఏ సూత్రానికీ ఒప్పదు. కింది అంచులోంచి ఒక చెయ్యి మాత్రం పైకి వచ్చింది. కుడిచెయ్యి. వేళ్ల మధ్య ఖర్జూరం. అటు తిప్పేదీ ఇటు తిప్పేదీ లేదు. రంజాన్‌లో కూడా నేను తల ఎత్తి చూడగలిగే అట్ట.

దాని మీద ఎక్కడా సున్నా లేదు.

నిన్న అసర్ అయ్యాక దాన్ని నమాజు చాప పక్కన నేల మీద పెట్టాను. చెయ్యి తుడుచుకున్నాను. కళ్లు మూసుకుని తెరిచాను. ఆలోచించలేదు. వేలు ఖర్జూరం మీద పడలేదు. ఆ చేతి చిటికెన వేలి మీద పడింది. అది కొంచెం వంకరగా ఉంది.

కుడిచెయ్యి వేలు అట్ట మీదే ఉంచాలి కదా. పెన్సిల్ ఎడమచేత్తో పట్టుకున్నాను. గీత వేలి చుట్టూ సగం దాకా వెళ్లింది. అక్కడ ఆగి, మళ్లీ కదిలింది.